ఎస్‌ఎస్‌డీ ఆయుష్షు తినేదెవరు?

దసరా వెళ్లిందంటే ఆదిలాబాద్ మార్కెట్ యార్డు ముందు పత్తి బండ్లు బారులు తీరతాయి. ఇటు జమ్మికుంటలోనూ అదే సందడి. ఒకప్పుడు ఎడ్లబండ్లు, ఇప్పుడు ట్రాక్టర్లు, బొలెరోలు. బండి కాంటా ఎక్కుతుంది, బరువు పడుతుంది. పత్తిలో మీటరు గుచ్చి తేమ చూస్తారు. 8 శాతం ఉంటే పూర్తి ధర, 12 దాటితే పత్తి కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐ వాళ్లు వద్దంటారు. 2025 సీజను నుంచి కపాస్ కిసాన్ యాప్‌లో ముందే స్లాటు కూడా బుక్ చేసుకోవాలాయె. నిండు బండి బరువు, ఖాళీ బండి బరువు, తేమ, రైతు పేరు, బ్యాంకు ఖాతా అన్నీ కంప్యూటర్లోకి ఎక్కాకే చేతికి తక్‌పట్టీ, అంటే అమ్మకం చీటీ, వస్తుంది. అందాకా రైతు చూపంతా ప్రింటరు మీదే.

ఆ ప్రింటరు వెనక, జిన్నింగ్ మిల్లు ఆఫీసు గదిలో ఓ మూలన సర్వర్ ఉంటుంది. అలాంటి మిల్లులకు సర్వర్లు పెట్టించే పనిలో ఉంది మా మనవరాలు, కరీంనగర్‌లో. మొన్న ఒక కొటేషన్ నా ముందు పెట్టింది.

"తాతా, ఇగ చూడు. మూడు రకాల ఎస్‌ఎస్‌డీలు రాసిండు. మొదటిది మామూలుది, 1 టీబీ. రెండోది సర్వర్‌ది, 960 జీబీ. మూడోది గూడ సర్వర్‌దే, 800 జీబీ. చిన్నగున్నదానికే ఎక్కువ ధర! ఏం లెక్క ఇది?"

మంచి ప్రశ్న. బజార్లో తక్కువ సరుకుకు ఎక్కువ పైసలు అడిగితే ఎవరికైనా అనుమానం రావాలి. అయితే ఇందులో మోసం లేదు. జవాబు చెప్పాలంటే ముందు ఆ డబ్బాలో ఏం అరుగుతుందో తెలియాలి.

సమాచారం దాచే ఈ ఎస్‌ఎస్‌డీలో, హార్డ్ డిస్కులోలా, తిరిగే పళ్లెం లేదు, కదిలే ముల్లు లేదు. కదిలేదే లేనప్పుడు అరిగేదేమిటి? ఎలక్ట్రాన్లు కదులుతాయి కదా! ఫ్లాష్ చిప్పులో కోట్లాది గళ్లుంటాయి. ఒక్కో గడిలో ఎలక్ట్రాన్లను పట్టి ఉంచే చోటు ఒకటి, దాని చుట్టూ కరెంటును పారనివ్వని పల్చటి పొర ఒకటి. ఆ పొర మందం కొన్ని నానోమీటర్లే. సమాచారం రాయాలంటే 20 వోల్టుల దాకా ఒత్తిడి పెట్టి ఎలక్ట్రాన్లను ఆ పొరలోంచి లోపలికి తోయాలి. చెరపాలంటే ఒత్తిడి తిరగేసి బయటికి లాగాలి. దారి లేని పొరలోంచి ఎలక్ట్రాను ఎలా దూరుతుందంటే, అది క్వాంటం మాయ. దానికో కబురు వేరే కావాలి. దూరిన ప్రతిసారీ పొర కొంచెం దెబ్బతింటుంది. కొన్ని ఎలక్ట్రాన్లు పొరలోనే ఇరుక్కుపోతాయి. వేలసార్లు అయ్యేసరికి పొర కారడం మొదలుపెడుతుంది, రాసింది నిలవదు. చదివినందువల్ల పెద్దగా అరగదు. రాయడం, చెరపడం, ఈ రెండే దాని ఆయుష్షు తినేవి.

ఈ ఫ్లాష్‌ను కనిపెట్టింది జపాన్‌లో తోషిబా కంపెనీ ఇంజినీరు ఫుజియో మసువోకా. 1984లో శాన్‌ఫ్రాన్సిస్కో సభలో మొదటి రకం గురించి చెప్పాడు. ఇప్పుడు మన ఫోన్లలో, సర్వర్లలో ఉన్న నాండ్ రకం గురించి 1987లో చెప్పాడు. తనకు రావలసింది దక్కలేదని తర్వాత కంపెనీ మీద కేసు వేసి, 2006లో 8 కోట్ల 70 లక్షల యెన్లకు రాజీపడ్డాడు. ప్రపంచంలో ప్రతి జేబులో ఆయన పని ఉంది. ఆ లెక్కన చూస్తే ఆ రాజీ సొమ్ము చిల్లర కిందే లెక్క అని నా అభిప్రాయం.

సరే, రాతకు వద్దాం. మా చిన్నప్పుడు పాల లెక్క గోడ మీదే ఉండేది. పూటకో బొగ్గు గీత. నెలాఖరుకు పైసలిచ్చాక ఆ గీతలు చెల్లిపోయినట్టు. ఇప్పుడు ఒక నియమం పెట్టుకోండి: గీత ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ గీయొచ్చు, కానీ ఒక్క గీతను మాత్రం విడిగా చెరపడానికి వీల్లేదు. చెరపాలంటే గోడ మొత్తానికి సున్నం వేయాల్సిందే. మరి ఆ గోడ మీదే ఇంకా పైసలు ఇవ్వని ఇంటివాళ్ల గీతలు కూడా ఉంటే? వాటిని ముందు ఇంకో గోడ మీదికి ఎక్కించుకుని, అప్పుడు దీనికి సున్నం వేయాలి. అంటే కొత్త గీత ఒక్కటీ గీయకుండానే పాత గీతలు మళ్లీ రాసినట్టయింది. సున్నం పూతలు పెరిగేకొద్దీ గోడ పెచ్చులూడుతుంది.

ఎస్‌ఎస్‌డీ సరిగ్గా ఇదే చేస్తుంది. పేజీ చొప్పున రాస్తుంది, పేజీ అంటే సుమారు 16 కిలోబైట్లు. చెరిపేది మాత్రం వందలు, వేల పేజీలున్న బ్లాకు చొప్పున. మనం రాయమన్నది ఒక వంతైతే, లోపల అటూ ఇటూ ఎక్కించుకుంటూ అది రాసేది రెండు వంతులు, మూడు వంతులు అవుతుంది. దీన్నే రైట్ యాంప్లిఫికేషన్ అంటారు. ఖాళీ గోడలు ఎక్కువుంటే ఈ తిప్పలు తక్కువ. సున్నం వేసే తొందర ఉండదు, వేసినప్పుడు ఆ గోడ మీది గీతలు చాలావరకు చెల్లిపోయే ఉంటాయి.

మనవరాలి ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. 960 జీబీది, 800 జీబీది లోపల చూస్తే చాలావాటిలో చిప్పులు ఒకే కొలతవి, సుమారు 1,100 జీబీ. 960ది మనకిచ్చే చోటుతో పోలిస్తే ఖాళీగా దాచుకునేది తక్కువ, 14 శాతం చిల్లర. 800ది అదే లెక్కన 37 శాతం పక్కన పెట్టుకుంటుంది. మనకు కనబడని ఆ ఖాళీకే ఎక్కువ ధర. మైక్రాన్ కంపెనీ 7450 డ్రైవుల్లో ప్రో, మ్యాక్స్ అని రెండు రకాలున్నది ఇందుకే. ప్రో 960 అయితే మ్యాక్స్ 800, ప్రో 3.84 టీబీ అయితే మ్యాక్స్ 3.2 టీబీ. ఆ మైక్రాన్‌కు 2019 నుంచి హైదరాబాద్‌లోనూ పెద్ద కేంద్రం ఉంది. మన పిల్లలు చాలామంది అక్కడ ఈ పనిలోనే ఉన్నారు.

కొటేషన్‌లో డీడబ్ల్యూపీడీ అని ఉంటుంది. డ్రైవు మొత్తాన్ని రోజుకు ఎన్నిసార్లు నింపొచ్చో చెప్పే అంకె. వారంటీ ఎన్నేళ్లో దాని పక్కనే చూడాలి, మూడేళ్ల లెక్క, ఐదేళ్ల లెక్క ఒకటి కాదు. 960 జీబీది రోజుకు ఒకసారి చొప్పున ఐదేళ్లంటే 1,752 టీబీ రాయొచ్చు. 800 జీబీది రోజుకు మూడుసార్లంటే 4,380 టీబీ. మామూలు 1 టీబీ డ్రైవుకు, ఉదాహరణకు శామ్‌సంగ్ 870 ఈవోకు, కంపెనీ చెప్పే హద్దు 600 టీబీ.

"అయితే మూడోదే కొందం తాతా. ఎప్పటికైనా మంచిది."

"ఆగు బిడ్డా. మిల్లు సర్వర్ రోజుకు ఎంత రాస్తున్నదో చూసినవా?"

చూడలేదు. చాలామంది చూడరు. ఎకరానికి ఎన్ని బస్తాల ఎరువో లెక్కేసేవాడు కూడా సర్వర్ దగ్గరికి వచ్చేసరికి పెద్దది కొంటే సరిపోతుందనుకుంటాడు. కొలవడం కష్టమేమీ కాదు. స్మార్ట్‌సీటీఎల్ అని ఉచితంగా దొరికే చిన్న ప్రోగ్రాం ఉంది. ఎన్‌వీఎంఈ రకం డ్రైవును దాంతో అడిగితే "డేటా యూనిట్స్ రిటెన్" అని ఒక అంకె చూపిస్తుంది. ఒక యూనిట్ అంటే 5,12,000 బైట్లు. ఈ రోజు అంకె రాసి పెట్టుకుని, నెల తర్వాత మళ్లీ చూసి, తీసివేత చేస్తే చాలు. ఆ నెల మాత్రం అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లో ఒకటై ఉండాలి. మిల్లు తాళం వేసి ఉన్న జూన్‌లో కొలిస్తే ఏం తెలుస్తుంది?

మచ్చుకు ఒక లెక్క వేద్దాం. ముప్పై రోజుల్లో అంకె 5 కోట్ల 25 లక్షలు పెరిగిందనుకోండి. 5,12,000తో గుణిస్తే 26.88 టీబీ. రోజుకు 896 జీబీ! 1 టీబీ మామూలు డ్రైవుకు రెండేళ్లు నిండకముందే 600 టీబీ అయిపోతాయి. 960 జీబీ సర్వర్ డ్రైవుకైతే రోజుకు ఒక నింపుడు దాదాపు వాడేసినట్టే. ఇది చూసినవాడెవడైనా పరుగున వెళ్లి మూడో రకం కొంటాడు.

కానీ రోజుకు మూడు వందల బండ్లు తూచే మిల్లుకు 896 జీబీ రాత ఎక్కడిది?

కాంటా లెక్కే ముందు చూద్దాం. ఒక బండి బరువు అంటే వంద బైట్ల సంగతి. మైఎస్‌క్యూఎల్ లాంటి డేటాబేసు దాన్ని ముందు చిట్టాలో రాసుకుంటుంది, డ్రైవు దగ్గరికి వచ్చేసరికి అది కనీసం 4 కిలోబైట్లు. తర్వాత ఆ వరుస ఉన్న 16 కిలోబైట్ల పేజీని జాగ్రత్త కోసం ఒకచోట, అసలు చోట ఇంకోసారి, మొత్తం రెండుసార్లు రాస్తుంది. వంద బైట్లు పోయి 36 కిలోబైట్లు అయ్యాయి. వినడానికి దారుణంగా ఉంది. అయినా బండికి పది రాతలు వేసుకున్నా, మూడు వందల బండ్లకు 108 ఎంబీ దాటదు. మీ మనవడు పెళ్లిలో తీసిన ఒక వీడియో అంతకంటే పెద్దది.

మరి మిగతాది? గోడల మీదికి చూడండి. కాంటా దగ్గర రెండు, గేటు దగ్గర రెండు, యార్డులో నాలుగు, ఇలా పదహారు కెమెరాలు. పత్తికి నిప్పంటుకుంటే ఏమవుతుందో తెలిసిన మిల్లు యజమాని కెమెరాలు తగ్గించుకోడు, తగ్గించుకోకూడదు కూడా. ఒక్కో కెమెరా సెకనుకు 4 మెగాబిట్లు పంపితే పదహారూ కలిసి 64 మెగాబిట్లు, అంటే 8 ఎంబీ. రోజుకు 86,400 సెకన్లు. గుణిస్తే 691 జీబీ. ఖాళీ యార్డులో రాత్రంతా కుక్క తిరిగిన దృశ్యం కూడా పత్తి లెక్కలున్న డ్రైవు మీదే పడుతోంది.

మిగిలిన 205 జీబీలో ఇంకో దొంగ దొరుకుతాడు. రాత్రి పదకొండింటికి మొత్తం డేటా బ్యాకప్, 80 జీబీ, అదే డ్రైవు మీదికి! బీరువా రెండో తాళం చెవిని అదే బీరువాలో దాచినట్టు కాదూ? డ్రైవు పోతే బ్యాకప్ కూడా పోతుంది. అది బ్యాకపే కాదు. మిగతాది విండోస్ రాతలు, ప్రోగ్రాములు ఆపకుండా రాసే లాగులు. ఈ లాగుల్ని చిన్నచూపు చూడకండి. టెస్లా కార్లలో తెర వెనక 8 జీబీ ఫ్లాష్ చిప్పు ఒకటి ఉండేది. రోజూ రాసి రాసి అది అరిగిపోయి తెర పనిచేయడం మానేస్తోందని అమెరికాలో 2021లో సుమారు 1,35,000 కార్లు వెనక్కి పిలిపించారు.

కాబట్టి మనవరాలికి నేను చెప్పింది: కెమెరాలను విడిగా నిఘా రికార్డింగు కోసమే చేసిన హార్డ్ డిస్కుల మీదికి మార్చు. ఆపకుండా వరసగా రాసే పనికి హార్డ్ డిస్కే చవక, అదే సరైంది. వాటికీ ఒక హద్దు ఉంది. మామూలు నిఘా డిస్కులు చాలావాటికి ఏడాదికి 180 టీబీ అని కంపెనీలే చెబుతాయి, మన కెమెరాలు ఏడాదికి 252 టీబీ రాస్తాయి. అందుకని రెండు డిస్కులు పెట్టి కెమెరాలు చెరిసగం పంచాలి. బ్యాకప్ ఇంకో పెట్టెలోకి, వీలైతే ఇంకో గదిలోకి. అప్పుడు ఎస్‌ఎస్‌డీ మీద పడేది రోజుకు 125 జీబీ. మామూలు డ్రైవు కూడా ఆ లెక్కన పదమూడేళ్లు వస్తుంది.

"మరింకేంది, చవకదే కొందం!"

అదీ కాదు. ఇక్కడే అసలు సంగతి. నేను రెండో రకమే కొనమన్నాను. ఎక్కువ రాతలు మోస్తుందని కాదు, అందులో కెపాసిటర్లున్నాయని.

సర్వర్ డ్రైవు బోర్డు చూస్తే ఒక అంచున చిన్న చిన్న కెపాసిటర్లు వరసగా కనబడతాయి. రాయమని వచ్చిన సమాచారం ముందు డ్రైవులోని ర్యామ్‌లో పడుతుంది, తర్వాత ఫ్లాష్‌లోకి వెళ్తుంది. ఆ మధ్యలో కరెంటు పోతే ర్యామ్‌లోది గాలికి పోయినట్టే. కెపాసిటర్లలో దాచుకున్న కాస్త కరెంటుతో సర్వర్ డ్రైవు ఆ సమాచారాన్ని ఫ్లాష్‌లోకి దించేసి అప్పుడు కన్ను మూస్తుంది. కెపాసిటర్లు లేనిదాంట్లో ఇంకో చిక్కుంది. ఇప్పటి టీఎల్‌సీ ఫ్లాష్‌లో ఒక్కో గడిలో మూడు బిట్లు, అంటే ఎనిమిది మెట్ల వోల్టేజి ఉంటుంది. క్యూఎల్‌సీలో పదహారు మెట్లు. గడిని సగం రాస్తుండగా కరెంటు పోతే ఇప్పుడు రాసేదే కాక, అదే గడిలో ముందు రాసి పెట్టిన బిట్లు కూడా చెడొచ్చు. నిన్నటి రైతు లెక్క నేటి కరెంటు కోతకు పోతుందన్నమాట. యూపీఎస్ ఉంది కదా అంటారు. దాని బ్యాటరీ ఎప్పుడు మార్చారో అడిగి చూడండి.

కెపాసిటర్లున్న డ్రైవుకు ఇంకో సుఖం: డేటాబేసు "రాశావా?" అని గద్దించి అడిగినప్పుడు ధైర్యంగా "రాశాను" అని వెంటనే చెప్పగలదు. చిన్న చిన్న రాతలను కూడబెట్టి ఒకేసారి ఫ్లాష్‌లో పెడుతుంది. పని వేగంగా అవుతుంది, అరుగుదల కూడా తగ్గుతుంది.

ఇక ఎండ. చలికాలంలో రాష్ట్రంలో బాగా వణికే చోట్లలో ఆదిలాబాద్ ఒకటి, మే నెలలో 45 డిగ్రీలకు మాడేదీ అదే. రామగుండం సంగతి సరేసరి. జెడెక్ అనే సంస్థ డ్రైవుల ఆయుష్షు ఎలా కొలవాలో నియమాలు పెట్టింది. మామూలు డ్రైవును 40 డిగ్రీల్లో రోజుకు ఎనిమిది గంటలు వాడతారని లెక్క. సర్వర్ డ్రైవును 55 డిగ్రీల్లో ఇరవై నాలుగు గంటలూ. ఇక్కడిదాకా సర్వర్ డ్రైవుదే పైచేయి. అయితే కరెంటు తీసేసి పక్కన పెట్టినప్పుడు లెక్క తిరగబడుతుంది. రాతల హద్దు దాకా అరిగిన మామూలు డ్రైవు 30 డిగ్రీల్లో ఏడాది పాటు సమాచారం నిలుపుకోవాలి. అలాగే అరిగిన సర్వర్ డ్రైవు 40 డిగ్రీల్లో మూడు నెలలు నిలిపితే చాలు. ఎప్పుడూ కరెంటులోనే ఉంటుందని దాని మీద నమ్మకం.

మన జిన్నింగ్ మిల్లుకు ఇది సూటిగా తగిలే విషయం. ఎండలు ముదిరేనాటికి పత్తి అయిపోతుంది, మిల్లుకు తాళం పడుతుంది, సర్వర్ ఆపేస్తారు. రేకుల కప్పు గదిలో అది దసరా దాకా మాడుతుంది. కొత్త డ్రైవైతే పొర గట్టిగా ఉంటుంది, భయం లేదు. నాలుగైదు సీజన్లు నలిగిన డ్రైవును మాత్రం అలా వదలొద్దు. తాళం వేసే ముందు మొత్తం డేటాను హార్డ్ డిస్కులోకి తీసి ఇంటికి తీసుకెళ్లాలి. లేదంటే సర్వర్‌ను ఆఫ్ చేయకుండా చల్లటి గదిలో నడవనివ్వాలి.

మరి మూడో రకం ఎవరికి? ఒకే డబ్బాలో ఇరవై వర్చువల్ మెషీన్లు నడిపేవాళ్లకు, పెద్ద హార్డ్ డిస్కుల ముందు తాత్కాలిక నిల్వగా ఎస్‌ఎస్‌డీ పెట్టేవాళ్లకు. వాళ్లు కూడా కొలిచాకే కొనాలి. ఇంటెల్ వాళ్లు 2017లో ఆప్టేన్ అని రోజుకు 30 సార్లు నింపినా నిలిచే డ్రైవు తెచ్చారు, తర్వాత 100 సార్ల దాకా వెళ్లారు. 2022లో ఆ వ్యాపారమే మూసేశారు. అంత రాత కోసం అంత ధర పెట్టేవాళ్లు సరిపడా దొరకలేదు.

డీడబ్ల్యూపీడీ అంకె ఎంత పెద్దదైనా అది ఒక్కటే నమ్ముకోకూడదనడానికి గూగుల్ సర్వర్ల మీద చేసిన పరిశోధన ఒకటుంది. టొరంటో విశ్వవిద్యాలయం ఆచార్యురాలు బియాంకా ష్రోడర్, గూగుల్ ఇంజినీర్లు కలిసి ఆరేళ్ల లెక్కలు తీసి 2016లో బయటపెట్టారు. రకాన్ని బట్టి 20 నుంచి 63 శాతం డ్రైవుల్లో మొదటి నాలుగేళ్లలోనే సరిదిద్దలేని తప్పు ఒక్కటైనా వచ్చింది. ఎంత రాశారన్నదే కాదు, ఎన్నేళ్ల పాతదన్నదీ లెక్కలోకి వచ్చింది. గడికి ఒక్క బిట్టే పెట్టే ఖరీదైన ఎస్‌ఎల్‌సీ డ్రైవులు, రెండు బిట్లు పెట్టే ఎంఎల్‌సీ కంటే మెరుగ్గా ఏమీ నిలబడలేదు. అందుకే ఏ రకం కొన్నా రెండు కొని, ఒకదానికి ఒకటి అద్దంలా ఉండేట్టు రెయిడ్ 1లో పెట్టాలి.

"రెండు ఒకటే కంపెనీవి, ఒకటేరోజు బిగిస్తే సరిపాయె గదా?"

సరిపోదు. 2019 నవంబరులో హెచ్‌పీఈ కంపెనీ ఒక హెచ్చరిక పంపింది. వాళ్ల సర్వర్లలోని కొన్ని ఎస్‌ఎస్‌డీలు సరిగ్గా 32,768 గంటలు నడిచాక చచ్చిపోతాయని, లోపలి సమాచారం మళ్లీ దొరకదని. ఆ అంకె చూస్తే కంప్యూటర్ చదివినవాళ్లకు నవ్వొస్తుంది, ఏడుపూ వస్తుంది: 16 బిట్ల సంఖ్యలో గుర్తుతో సహా 32,767 దాకే పడుతుంది. రాతలు ఎన్ని మిగిలాయన్నదానితో పని లేదు. మూడేళ్ల 270 రోజుల 8 గంటలు కాగానే ఆఖరు. 2020 మార్చిలో ఇంకొన్ని డ్రైవులకు 40,000 గంటల గండం బయటపడింది. ఒకేరోజు బిగించిన జంట డ్రైవులైతే ఒకే గంటకు రెండూ పోయేవి, అద్దం ఉండి లాభం లేదు. రెంటికీ మందు కొత్త ఫర్మ్‌వేరే, అంటే డ్రైవును నడిపే లోపలి ప్రోగ్రాం; ముందే వేసుకున్నవాళ్లు బతికిపోయారు. మనవరాలి కొటేషన్ మీద పెన్సిల్‌తో రెండు మాటలు రాశాను: ఫర్మ్‌వేర్ వెర్షన్ ఏదో అమ్మేవాణ్ని అడుగు, రెండో డ్రైవు వేరే బ్యాచ్‌ది తెప్పించి దీపావళి తర్వాత బిగించు.